చెత్తకుప్ప కింది నీరు: నల్లగొండ, పాలమూరు బోర్లను ఏ చట్టం కాపాడుతుంది, ఏ శుద్ధి బాగుచేస్తుంది?

నల్లగొండ జిల్లాలో నీటి పరీక్ష కాగితం చేతికి అందితే, అక్షరం రాని పెద్దమనిషి కూడా మొదట అడిగేది ఒక్కటే: ఫ్లోరైడ్ ఎంత ఉంది? తరాల బాధ నేర్పిన ప్రశ్న అది. వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు, నడివయసులోనే వంగిపోయిన నడుములు చూసిన నేల కాబట్టి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములనే హద్దు ఇక్కడ చాలామందికి కంఠస్థం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. ఆ తరువాత కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, తాగునీటికి బోరు మీద ఆధారపడటం బాగా తగ్గింది.

ఈ మేలు వెనుకే ఒక నష్టం కూడా నిశ్శబ్దంగా జరిగింది. బోరు నీళ్లు తాగడం తగ్గినకొద్దీ వాటిని పరీక్షించే వాళ్లూ తగ్గారు. పరీక్షించినా ఫ్లోరైడ్, ఉదజని సూచిక (పీహెచ్), మొత్తం లవణాలు అనే మూడు వరుసలు చూసి కాగితం మడిచి పెట్టేస్తున్నారు. పట్టణం చివర, వాగు ఒడ్డున, పాత రాతి క్వారీలో పేరుకుంటున్న చెత్తకుప్ప నుంచి భూమిలోకి దిగేది ఫ్లోరైడ్ కాదు. మనం చూస్తున్న మూడు వరుసల్లో అది సరిగ్గా కనిపించదు కూడా. ఆ బోర్ల నీళ్లు నేటికీ గొడ్లు తాగుతున్నాయి, ఆకుకూరల మళ్లకు పారుతున్నాయి, నల్లా రాని రోజున ఇంట్లోకీ వస్తున్నాయి. ఆ నీటిని కాపాడే చట్టాలు తక్కువేమీ కావు, శుద్ధి చేసే పద్ధతులూ ఉన్నాయి. కానీ చట్టాలు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ జారిపోతాయి, శుద్ధి ఏ మేరకు సాధ్యం అనేవి ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మన నేల స్వభావం తెలియకుండా ఆ చిక్కు విడిపోదు.

కుప్ప నుంచి ఏమి దిగుతుంది?

మన పట్టణాల చెత్తలో సగం వరకూ తడి చెత్తే: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, మాంసం కొట్ల వ్యర్థాలు, పూలు, ఆకులు. ఇది కుప్పలో గాలి ఆడకుండా కుళ్లుతుంది, దానిలోని నీరే కారడం మొదలుపెడుతుంది. దానిమీద వాన పడితే ఆ నీరు కుప్ప పొరల గుండా దిగుతూ దారిలో తగిలిన ప్రతిదాన్నీ కరిగించుకుంటుంది. పారేసిన బ్యాటరీ, ట్యూబులైటు, రంగు డబ్బా, మందుల సీసా, తోలు ముక్క, ప్లేటింగ్ షాపు మట్టి, అన్నీ ఆ కుప్పలోనే ఉంటాయి. అడుగుకు చేరేసరికి నల్లగా, చిక్కగా, ముక్కుపుటాలు అదిరే వాసనతో వచ్చే ఆ ద్రవాన్నే లీచెట్ అంటారు.

దాని గుణం కుప్ప వయసును బట్టి మారుతుంది. కొత్త కుప్ప లీచెట్ పుల్లగా, ఆమ్ల గుణంతో ఉంటుంది. కుళ్లే పదార్థం ఎక్కువ, లోహాలు సులువుగా కరుగుతాయి. కొన్నేళ్లు గడిచి లోపల మీథేన్ వాయువు పుట్టే దశ వచ్చాక ఆమ్లత తగ్గుతుంది, లోహాలు చాలావరకు కుప్పలోనే చిక్కుకుంటాయి, వాసన కూడా తగ్గుతుంది. చూసేవాళ్లకు ‘కుప్ప చల్లారింది’ అనిపించేది అప్పుడే. అమ్మోనియా, క్లోరైడ్ వంటి లవణాలు మాత్రం దశాబ్దాల తరబడి కారుతూనే ఉంటాయి. పాత కుప్ప ప్రమాదం లేనిదన్న నమ్మకం ఈ కారణంగా తప్పు. ప్రమాదం రూపం మార్చుకుంటుంది, అంతే.

ఎంత కారుతుందో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. పది ఎకరాల యార్డు, పైకప్పు లేదు, అడుగున పొర లేదు అనుకుందాం. మన వైపు ఏడాదికి 650 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, ఆ పది ఎకరాల మీద పడే నీరు సుమారు 2 కోట్ల 60 లక్షల లీటర్లు. అందులో ఐదో వంతు మాత్రమే కుప్పలోంచి కిందికి దిగిందనుకున్నా 52 లక్షల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యికి పైగా. ఏటా వెయ్యి ట్యాంకర్ల లీచెట్‌ను ఎవరైనా పొలం మధ్య గుమ్మరిస్తే ఊరు ఊరుకోదు. అదే పని కుప్ప అడుగున జరిగితే కంటికి కనబడదు. ఈ లెక్కలో మనిషి చేతిలో ఉన్న అంకె ఒక్కటే: కుప్పలోకి దిగే వాన. భూగర్భ జల రక్షణలో చెప్పుకునే అసలైన పద్ధతులన్నీ చివరకు ఆ అంకెను తగ్గించడానికో, దిగినదాన్ని మధ్యలో పట్టుకోవడానికో ఉద్దేశించినవే.

మన బండ, మన బోరు

దక్షిణ తెలంగాణ చాలావరకు గ్రానైట్, నైస్ రాళ్ల మీద కూర్చుని ఉంది. పైన చెల్క మట్టి, దాని కింద రాయి ఛిద్రమై ఏర్పడిన మొరం, దాని కింద పగుళ్లు పట్టిన బండ, ఆ కింద గట్టి బండ. మోట కొట్టిన కాలంలో బావులు మొరం పొరలోని నీటి మీద బతికేవి. ఇప్పటి బోర్లు బండ పగుళ్లలోకి దిగి అక్కడి జలను లాగుతున్నాయి. ఇసుక నేలల్లో కలుషిత నీరు కుప్ప నుంచి దిగువకు చేట ఆకారంలో పరుచుకుంటూ, కొంతవరకు ఊహించదగిన దారిలో నడుస్తుంది. బండ నేలలో అలా కాదు. పగులు ఎటు సాగితే నీరు అటే పోతుంది. కుప్పకు వంద మీటర్ల దూరంలోని బోరు శుభ్రంగా ఉండి, నాలుగు వందల మీటర్ల అవతలి బోరు చెడిపోవడం ఇక్కడ వింత కాదు. నాలుగు వందల మీటర్ల అవతలి రైతు ఫిర్యాదు చేసినప్పుడు ‘దగ్గరి బోరే బాగుంది కదా, నీది ఎలా చెడుతుంది?’ అని అడగడం ఈ నేల తీరు తెలియకపోవడం వల్లనే.

పైగా బోరు తనకు తానే కాలుష్యాన్ని పిలుచుకుంటుంది. ఎండాకాలం పంపు గంటల తరబడి నడిస్తే చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగి, పక్క పగుళ్లలోని నీరంతా అటు మళ్లుతుంది. మన బోర్లకు కేసింగ్ పైపు మొరం దాటి గట్టి బండ తగిలేవరకే దింపుతారు. ఆ పైపు చుట్టూ ఖాళీని సిమెంటుతో మూయడం చాలాచోట్ల చేయరు. మొరం పొరలోకి చేరిన లీచెట్‌కు ఆ ఖాళీయే నిచ్చెన. నీళ్లు పడక వదిలేసిన బోర్లు మరీ ప్రమాదం. మూత కూడా లేని ఎండిన బోరు డంపింగ్ యార్డు పక్కన ఉందంటే, పై మురికిని నేరుగా వంద అడుగుల కిందికి దించే గొట్టం అక్కడ సిద్ధంగా ఉందని అర్థం.

ఇక చెత్త పోయడానికి మనవాళ్లు ఎంచుకునే చోట్లు. పట్టాకు పనికిరాని ప్రభుత్వ భూమి కావాలి, ఊరికి కొంచెం దూరం ఉండాలి, గుంత ఉంటే మంచిదనుకుంటారు. అలా దొరికేవి రెండే: వదిలేసిన రాతి క్వారీ, లేదా చెరువు శిఖం. క్వారీలో పైమట్టి, మొరం రెండూ ముందే తవ్వేసి ఉంటాయి. రాయి పేల్చే మందు దెబ్బకు అడుగు బండ కొత్త పగుళ్లు పట్టి ఉంటుంది. లీచెట్‌ను కాస్త వడగట్టగలిగే పొర లేకుండా నేరుగా పగులు నోట్లో చెత్త పోయడమే అది. చెరువు శిఖమైతే ఊరి బావులన్నిటికీ ఊట ఇచ్చే చోటు. ఈ రెండు చోట్లలో చెత్త పోయకుండా ఆపగలిగితే చాలు, ఈ వ్యాసంలో తరువాత రాసిన శుద్ధి ఖర్చులో పెద్ద భాగం అవసరమే రాదు.

ఎలా గుర్తుపడతాం?

ఒక వానకాలం ముగిశాక, ఒక మున్సిపాలిటీ యార్డుకు దిగువన ఉన్న వ్యవసాయ బోరు దగ్గర నమూనా తీసే పనిలో నేనూ ఉన్నాను. ఆ రైతు చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంది. ఫ్లోరైడ్ హద్దులోనే ఉంది, తాగవచ్చు అని దానిమీద రాసి ఉంది. ‘పంపు ఏసినప్పుడు తెల్లగనే వస్తయి సారూ, బకీట్ల పట్టి రాత్రంత ఉంచితే తెల్లారేసరికి అడుగుకు ఎర్రగ దిగుతది. గొడ్లు మూతి పెట్టి వెనుకకు తీసుకుంటున్నయి’ అన్నాడాయన. ఆ ఎరుపు ఎంతో చెప్పే గుర్తు. కుళ్లిన పదార్థం నీటిలోని ప్రాణవాయువునంతా తినేస్తే, రాయిలోని ఇనుము కరిగి నీటిలో కనిపించకుండా ఉంటుంది. బయట గాలి తగలగానే తుప్పుగా మారి అడుక్కు దిగుతుంది. అంటే ఆ నీరు భూమిలో గాలి లేని, కుళ్లిన చోటి గుండా వచ్చి ఉండవచ్చు.

నమూనా తీయడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కేసు నిలబడేది, పడిపోయేది అక్కడే. పంపును ఇరవై నిమిషాలు నడిపి, గొట్టంలో నిలవ ఉన్న నీరంతా పోయాక పట్టాలి. అదే నీటితో సీసాను మూడుసార్లు తొలవాలి. లోహాల పరీక్షకు ఉద్దేశించిన సీసాలో కొన్ని చుక్కల నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా సీసాలో గంధకామ్లం వేయాలి. లేకపోతే ప్రయోగశాలకు చేరేలోపే లోహాలు సీసా గోడకు అంటుకుంటాయి, అమ్మోనియా మారిపోతుంది. సీసాలను మంచు పెట్టెలో పెట్టాలి. సర్వే నంబరు, బోరు లోతు, తేదీ, వేళ రాసి, అక్కడున్న ఇద్దరితో సంతకం చేయించాలి. ఆ రోజు మేము యార్డుకు ఎగువన ఉన్న ఇంకో బావి నుంచి కూడా నీళ్లు పట్టాం. పోల్చడానికి ఎగువ బావి లేకపోతే దిగువ బావి అంకెలకు అర్థం ఉండదు. ఫలితాలు వచ్చినప్పుడు ఫ్లోరైడ్ రెండు చోట్లా దాదాపు ఒకటే. క్లోరైడ్, పొటాషియం, అమ్మోనియా మాత్రం దిగువన చాలా ఎక్కువ.

ఆ మూడింటి కలయికే చూడాలి. ఫ్లోరైడ్ మన రాయిలోంచి వచ్చేది. దానికి చెత్తకుప్పతో పని లేదు. నైట్రేట్ ఒక్కటే హద్దు దాటితే, అది యూరియా వల్ల కావచ్చు, మరుగుదొడ్డి గుంతల వల్ల కావచ్చు. దాన్ని పట్టుకుని యార్డును తప్పుపట్టలేం. క్లోరైడ్ మట్టికి అంటుకోదు, కుళ్లదు, నీటితో పాటే నడుస్తుంది కాబట్టి లీచెట్ ముందుగా ఎక్కడికి చేరిందో అదే చెబుతుంది. గ్రానైట్ నీటిలో పొటాషియం సహజంగా తక్కువ, లీచెట్‌లో బాగా ఎక్కువ. ఈ రెండూ పెరిగి, అమ్మోనియా, ఇనుము, రసాయనిక ఆక్సిజన్ అవసరం (సీఓడీ: నీటిలోని మురికి ఎంతో చెప్పే కొలత) కూడా తోడైతే అనుమానం గట్టిపడుతుంది. సీసం లీటరుకు 0.01, కాడ్మియం 0.003, క్రోమియం 0.05, నైట్రేట్ 45 మిల్లీగ్రాములకు మించితే ఆ నీరు తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం పనికిరాదు. అయితే లోహాలు దాటేవరకు ఆగకూడదు. అవి మట్టికి అంటుకుంటూ నెమ్మదిగా నడుస్తాయి. క్లోరైడ్ వచ్చిందంటే వాటికి దారి తెరుచుకున్నట్టే.

చట్టం ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ జారుతుంది

భూగర్భ జలానికి చట్టమే లేదన్న మాట తరచుగా వింటాం. అది నిజం కాదు. జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లోనే వచ్చింది. దానిలో ‘ప్రవాహం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో నది, వాగు, చెరువుతో పాటు భూగర్భ జలం కూడా ఉంది. ప్రవాహంలోకి, బావిలోకి, నేలమీదికి విష పదార్థాన్ని తెలిసి వదలరాదని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చి ఇప్పుడు తెలంగాణలోనూ అమలవుతున్న నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కూడా భూగర్భ జలాన్ని కలుషితం చేయడాన్ని నిషేధించింది. మన రైతులకు వాల్టా అంటే బోరు అనుమతుల చట్టంగా, చెట్టు కొట్టే అనుమతుల చట్టంగానే తెలుసు. దానిలోని ఈ భాగాన్ని ఎవరూ పెద్దగా ప్రయోగించడం లేదు.

చెత్త యార్డు విషయంలో కొలతలతో సహా చెప్పింది 2026 మార్చి వరకు అమలులో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు. వాటి ప్రకారం ల్యాండ్‌ఫిల్ (చెత్తను పూడ్చే చోటు) నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలి. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిమీద 1.5 మిల్లీమీటర్ల మందపు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పొర పరవాలి. ఆ బంకమట్టి సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించి నీటిని దిగనీయరాదు. ఈ అంకె అర్థం కావాలంటే ఏడాదికి మార్చి చూడాలి: మూడు సెంటీమీటర్లు. మొరంలోనైతే నీరు ఒక్క రోజులో మీటరుకు దగ్గరగా దిగగలదు. ఒక పొర ఉండటానికి, లేకపోవడానికి మధ్య తేడా అంతటిది. అత్యధిక నీటిమట్టం కూడా ఆ బంకమట్టి పొరకు కనీసం రెండు మీటర్ల దిగువన ఉండాలి. రోజూ చెత్తమీద 10 సెంటీమీటర్ల మట్టి, వానలకు ముందు 40 నుంచి 65 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. యార్డు తెరవకముందే చుట్టుపక్కల భూగర్భ జల నాణ్యతను నమోదు చేయాలి. తెరిచాక యార్డు అంచు నుంచి 50 మీటర్లలోపు ఎండాకాలం, వానకాలం, వానల తరువాత పరీక్షించాలి. మూసివేశాక కనీసం 15 ఏళ్లు చూసుకోవాలి.

వీటిలో అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే తక్కువ అమలైనది నా దృష్టిలో ఆ మొదటి నమోదే. చెత్త పడకముందు నీరు ఎలా ఉండేదో రాసిన కాగితం లేకపోతే, తరువాత ఏ అంకె చూపినా ‘ఇక్కడి నీళ్లు మొదటి నుంచీ ఇంతే, ఇది ఫ్లోరైడ్ ఏరియా’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. నల్లగొండకు ఆ జవాబు చాలా సులువుగా అతుకుతుంది, అదే బాధ.

ఇక జారే చోట్లు. 2016 నిబంధనలు ప్రధానంగా పట్టణాలకు, పట్టణ లక్షణాలున్న ప్రాంతాలకు రాసినవి. మామూలు గ్రామ పంచాయతీ వాటి పరిధిలో ఉండేది కాదు. శుద్ధి, పారవేత కేంద్రానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి అయ్యేది రోజుకు అయిదు టన్నులు దాటినప్పుడే. ఇంతలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణలో గ్రామగ్రామానా డంపింగ్ యార్డు ఏర్పడింది. వీధులు శుభ్రపడ్డాయి, తడి, పొడి చెత్త వేరుచేసే షెడ్లు లేచాయి; ఆ మేలును కాదనలేం. కానీ లైనర్ (నీరు దిగనివ్వని అడుగు పొర) లేని, పరీక్ష బోరు లేని చిన్న కుప్పలు వేల సంఖ్యలో పుట్టాయి, వాటిలో కొన్ని వాగుల ఒడ్డునే. ఒక్కొక్కటి చిన్నదే కానీ, దాని పక్కనున్న బావికి అది చిన్నది కాదు. 2016 నిబంధనల స్థానంలో తేవడానికి కేంద్రం 2024 డిసెంబరులో ప్రచురించిన ముసాయిదా గ్రామాలను కూడా పరిధిలోకి తీసుకుంది; ఆ తరువాత కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. కావలసిన మార్పు అది.

మరో జారుడు 2025లో వచ్చిన నిబంధనల్లో ఉంది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం ఆ ఏడాది జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, కాలుష్యం తేలితే దానికి కారకులెవరో గుర్తించి వారి చేతనే ఖర్చు పెట్టించాలి. మనకు ఎన్నాళ్ల నుంచో కావలసిన చట్టం ఇదే అనిపిస్తుంది. అయితే చెత్త డంపుల నుంచి వచ్చే ఘన వ్యర్థాల కాలుష్యాన్ని, వాటికి వేరే చట్టాలున్నాయన్న కారణంతో, ఈ నిబంధనలు మినహాయించాయి. తలుపు పూర్తిగా మూసుకోలేదు: డంపు చెత్తతో కలిసిన ప్రమాదకర రసాయనం ఈ నిబంధనల్లోని హద్దు దాటితే అవి వర్తిస్తాయి. మున్సిపల్ యార్డులోకి ఫ్యాక్టరీ వ్యర్థాలు చాటుగా వచ్చి చేరిన చోట ఈ సందు చాలా ముఖ్యం. అక్కడ అమ్మోనియా, క్లోరైడ్‌తో ఆగక లోహాలు, ద్రావకాల పరీక్ష కూడా అడగాలి.

కోర్టుల మాటకు వస్తే, ముందుజాగ్రత్త సూత్రాన్ని మన ప్రాంతపు కేసులోనే సుప్రీంకోర్టు వివరంగా చర్చించింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ పరీవాహకంలో ఒక పరిశ్రమ పెట్టే విషయంలో ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు ప్రతివాదిగా ఉన్న కేసులో 1999లో ఇచ్చిన తీర్పు అది: తన పని వల్ల హాని లేదని నిరూపించుకునే భారం ఆ పని చేయదలచినవారిదే. కలుషితం చేసినవారే చెల్లించాలన్న సూత్రానికి రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామం కేసు ఆధారం. రసాయన వ్యర్థాలు బావుల్లోకి దిగి ఊరి నీరంతా పాడైన ఆ కేసులో 1996లో తీర్పు వచ్చింది. శుద్ధి ఖర్చు కట్టాలన్న ఉత్తర్వును 2011లో కూడా సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. చెత్త విషయంలో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ 1996లో మొదలై హరిత ట్రైబ్యునల్‌కు చేరింది. ఘన, ద్రవ వ్యర్థాల నిర్వహణలో వైఫల్యానికి 2022లో ట్రైబ్యునల్ తెలంగాణ ప్రభుత్వంపై సుమారు 3,800 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. అంత పెద్ద మొత్తం రాష్ట్ర స్థాయి లెక్కల్లోనే ఉండిపోయి, ఏ బావి పక్కన ఏ పరీక్ష బోరు వేయాలో దాకా దిగి రాకపోవడం నాకు నిరాశ కలిగిస్తుంది.

శుద్ధి: ఏది ముందు, ఏది సాధ్యం

పాత కుప్పకు రెండు దారులున్నాయి. ఒకటి కప్పడం. 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిమీద నీరు పక్కకు జారే 15 సెంటీమీటర్ల పొర, ఆపైన గడ్డి పెరగడానికి 45 సెంటీమీటర్ల మట్టి. వాన లోపలికి దిగదు కాబట్టి కొత్త లీచెట్ బాగా తగ్గుతుంది. హైదరాబాద్ చెత్తంతా చేరే జవహర్‌నగర్‌లో పాత కుప్పను ఇలాగే కప్పారు. అయినా అప్పటికే మల్కారం చెరువులో చేరిన లీచెట్‌ను శుద్ధి చేయడానికి వేరే పనులు చేపట్టాల్సి వచ్చింది. కప్పు రేపటి వానను ఆపుతుంది, నిన్న దిగినదాన్ని వెనక్కి తేలేదు.

రెండోది బయోమైనింగ్. కుప్పను తవ్వి వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, తిరగేసి ఆరబెట్టి, పెద్ద జల్లెడల్లో వేసి మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ వేరుచేస్తారు. స్థలం ఖాళీ అవుతుంది, మూలమే పోతుంది. మన మున్సిపాలిటీలు ఎక్కువగా ఈ దారినే ఎంచుకుంటున్నాయి, అది మంచిదే. కానీ రెండు జాగ్రత్తలు తీసుకోకపోతే ఒక చోటి కాలుష్యం ఇంకో చోటికి మారుతుంది. మొదటిది, జల్లెడ కింద పడే మెత్తటి మట్టి. అది ఎరువులా కనిపిస్తుంది. పొలాలకు, ఇళ్ల పునాదులకు తీసుకుపోతారు. దానిలో లవణాలు, లోహాలు ఎంతున్నాయో పరీక్షించకుండా లారీ కదలకూడదు. రెండోది, కాలం. పాత కుప్పను తవ్వి విప్పదీసిన స్థితిలో తొలకరి పడితే, మూసి ఉన్నప్పటికంటే ఎక్కువ లీచెట్ కారుతుంది. పని దసరా తరువాత మొదలై మే నెలాఖరుకు ఒక భాగం పూర్తయ్యేలా చూడాలి. మిగిలిన భాగాన్ని కప్పి ఉంచాలి.

కుప్ప పోయాక కూడా కింది నీరు మిగిలే ఉంటుంది. దాన్ని బోర్లతో తోడి శుద్ధి చేయవచ్చు, చేస్తారు కూడా. మొదటి కొన్ని నెలలు అంకెలు వేగంగా పడతాయి, ఆ తరువాత ఒకచోట ఆగిపోతాయి, పంపు ఆపితే మళ్లీ లేస్తాయి. ఏళ్లపాటు పగులు గుండా నడిచిన కాలుష్యం పగులు గోడల్లోని మెత్తబడిన రాయిలోకీ ఇంకి ఉంటుంది. పగులులో నీరు శుభ్రపడగానే అది నెమ్మదిగా తిరిగి బయటికి ఊరుతుంది. ఇసుక నేలల్లో ఇనుప రజను నింపిన కందకంతో కలుషిత నీటి దారికి అడ్డుకట్ట వేస్తారు. బండ పగుళ్ల లోతుకు అలాంటి కందకం తవ్వడం దాదాపు అసాధ్యం. అందువల్ల మన నేలలో తోడే బోరును మొత్తం శుద్ధి సాధనంగా కాక అడ్డుకట్టగా వాడటం వివేకం: కాలుష్యం ఊరి బోర్లవైపు పోకుండా కుప్ప దగ్గరే నీటిమట్టాన్ని తగ్గించి, తోడిన నీటిని శుద్ధి కేంద్రానికి పంపాలి.

ఇక్కడ ఆర్వో గురించి ఒక మాట చెప్పాలి. లీచెట్‌ను, కలుషిత నీటిని ఆర్వోతో శుద్ధి చేయగానే పని అయిపోయినట్టు నివేదికలు రాస్తున్నారు. ఆర్వో మురికిని నాశనం చేయదు, చిక్కబరుస్తుంది. ఆ చిక్కటి నీటిని తిరిగి కుప్పమీదే చల్లితే లవణాలు ఏటికేడాది పెరుగుతాయి. ఊళ్లలో ఫ్లోరైడ్ కోసం పెట్టిన నీటి ప్లాంట్లలో కూడా వదిలేసే నీరు పక్కనున్న ఇంకుడు గుంతలోకే పోవడం చూస్తున్నాం. ఏ బోరు నుంచి తీశామో ఆ బోరుకే మరింత చిక్కగా తిరిగి ఇవ్వడం అది. ఆ నీటిని లైనర్ వేసిన చెరువుల్లో ఆవిరి చేసి, మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటు లేకుండా ఏ ఆర్వో ప్లాంటుకూ అనుమతి ఇవ్వకూడదు.

కాబట్టి ఖర్చు పెట్టే వరుస ఇలా ఉండాలని నా అభిప్రాయం. యార్డు చుట్టూ అరకిలోమీటరులోని బావులు, బోర్ల జాబితా రాసి, చెడినవాటిని వాడుతున్న కుటుంబాలకు, పశువులకు వెంటనే వేరే నీరు ఇవ్వాలి. ఎండిన బోర్లను బంకమట్టి, సిమెంటుతో నింపాలి. పై నుంచి వచ్చే వాన నీరు కుప్పను తాకకుండా చుట్టూ కాలువ తవ్వాలి. జేసీబీ ఒక వారం పని చేస్తే అయ్యే ఈ పనిని ఏ పెద్ద ప్రాజెక్టు కోసమూ ఆపనక్కరలేదు. తరువాత కప్పడమో, బయోమైనింగో. పరీక్ష బోర్లను యార్డు నాలుగు మూలలా లెక్కకు నాలుగు వేయకుండా, భూగర్భ జల శాఖ దగ్గరున్న నీటిమట్టాల లెక్కలు, భూభౌతిక సర్వే చూసి పగుళ్ల దారిలో వేయాలి. మొరం పొరకొకటి, బండకొకటి వేరువేరు లోతుల్లో ఉండాలి. ఇప్పుడు యార్డు నడిపేది మున్సిపాలిటీ, అనుమతిచ్చేది కాలుష్య నియంత్రణ మండలి, నీటిమట్టాలు కొలిచేది భూగర్భ జల శాఖ, తాగునీరు చూసేది మరో శాఖ. నాలుగు చోట్ల ఉన్న అంకెలు ఒకే కాగితం మీదికి రావాలంటే ఆ పని కలెక్టరు కార్యాలయమే చేయించాలి. ఫలితాలను మూడు నెలలకోసారి పంచాయతీ గోడకు అంటించాలి.

బావి చెడిన రైతుకు చట్టంలో ఒక దారి ఉంది, ఒక గడువు కూడా ఉంది. హరిత ట్రైబ్యునల్ చట్టం 2010లోని 15వ సెక్షన్ కింద నష్టపరిహారం, ఆస్తి, పర్యావరణ పునరుద్ధరణ కోరవచ్చు. తెలంగాణ దరఖాస్తులను వినేది చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. కారణం మొదట ఏర్పడిన నాటి నుంచి అయిదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. అందుకే ఆ రోజు ఆ రైతుకు రెండు బావుల ఫలితాలు ఇచ్చినప్పుడు, అంకెల కంటే ముందు తేదీ ఉన్న చోటు వేలు పెట్టి చూపించాం. ఆయన పాత ఫ్లోరైడ్ కాగితాన్ని పారేయబోతే అది కూడా దాచమన్నాం. రెండేళ్ల కిందట ఆ బోరులో మొత్తం లవణాలు ఎంత ఉండేవో రాసి ఉన్నది ఆ కాగితం మీద మాత్రమే. ఆయన రెండింటినీ ఒక పాలిథిన్ సంచిలో పెట్టి, పట్టాదారు పాస్‌బుక్కుతో పాటు బీరువాలో దాచాడు.